ద్యూతసభయందు నిర్ణేత

ప్రతి యాటకును నియమములు గలవు. ఆ నియమములు మౌనము వహించు తరుణమును ప్రతి యాటకును గలదు. అప్పుడు చెల్లవలసిన మాట యెవరిది?

గోనెగండ్ల మొదలగు సీమపల్లెల రచ్చబండలమీఁద నాడు పులిజూదమునఁ బులులు 3, మేఁకలు 15, గీఁతలు గలియు స్థానములు 23. మేఁకలన్నియు దిగకమున్నే యొకదానిని జరుపవచ్చునా? ఒక్క యెత్తునఁ బులి రెంటిని జంపవచ్చునా? ఇట్టివి ముందు తేల్చుకొననిచో నాట తగవులాట యగును. 1974లో నమెరికాదేశమున వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను కల్పనాక్రీడయందు దీనికొక పదవియే యేర్పడినది. ఆటగాండ్రు తమ పాత్రలు చేయఁబూనిన పనిని జెప్పుదురు. ఇరువది ముఖముల పాచిక వేయుదురు. గ్రంథము చెప్పనిచోఁ గ్రీడాధ్యక్షుని మాటయే నియమము.

అధ్యక్షపదవి మనకుఁ గ్రొత్త గాదు. ద్యూతాధ్యక్షుఁడు జూదము నొక్కచోటనే యాడింపవలెననియు, గెలిచిన సొమ్మున నూటికైదు గ్రహింపవలెననియుఁ గౌటిల్యుఁడు విధించెను. యాజ్ఞవల్క్యుని సభికుఁడు గెలిచినవానికి సొమ్ము రాఁబట్టి యిచ్చువాఁడు.

హస్తినాపురమున నట్టివాఁడు లేఁడు. పణ మొడ్డువాఁడు దుర్యోధనుఁడు, పాచిక వైచువాఁడు శకుని. ఒకనికై వేఱొకఁ డాడుట తగదని ధర్మజుఁ డనెను, అనియు నాడెను. అనర్థమున కదియే మొదలు. పిమ్మటఁ దన్నుఁ దానోడి ద్రౌపదిని బణముగాఁ బెట్టెను. ముందు తన్నోడెనా, నన్నోడెనా యని యామె సభ నడిగించెను. ఇది విలాపము గాదు, నియమప్రశ్నము. దాని యుత్తరముమీఁద నొక స్త్రీ స్వాతంత్ర్యము నిలిచియున్నది.

రెండు సూత్రములు తుల్యబలమున నొక్కచోఁ బ్రసక్తమైనఁ బరమైనది చెల్లునని పాణిని ముందే కట్టడి చేసెను. భీష్మునికి నట్టి విరోధమే యెదురయ్యెను: స్వామ్యము లేనివాఁడు పరుల సొత్తు నొడ్డరాదు, భార్యయో భర్తృవశ. ఏది ప్రబలమో చెప్పు పరిభాష లేదు. ధర్మము సూక్ష్మమని యాతఁడు తప్పుకొనెను. ఆ సందేహము పండితునకుఁ దగును, కురువృద్ధునకుఁ దగదు. చిన్నవాఁడైన వికర్ణుఁడు మాత్రము, వ్యసనియై చేసినది లెక్కకు రాదనియు, ద్రౌపది యైదుగురకు సమాన యనియు, తన్నోడినవాఁ డామె నొడ్డెననియు, ఆ పణమును శకునియే సూచించెననియుఁ గారణములు చూపి యామె జితురాలు గాదనెను. సర్వస్వ మోడినవాని సర్వస్వమున భార్యయుఁ జేరునని కర్ణుఁడు త్రోసివేసెను. వికర్ణునకుఁ బదవి లేదు.

తుదకు ధృతరాష్ట్రుఁడు వరము లిచ్చెను. వరము నిర్ణయము గాదు. దాస్యమును దొలఁగించుటచేతనే యది సిద్ధమైనదని యొప్పుకొన్నట్లయ్యెను గదా! ప్రశ్నము ప్రశ్నముగనే నిలిచెను; మరల జూదమయ్యెను. ఈసారి పణము ముందే స్పష్టము: 12 ఏండ్లు వనవాసము, ఒక యేఁడు అజ్ఞాతవాసము.

అందును సంశయము వచ్చెను. గోగ్రహణమున నర్జునుఁడు బయటపడఁగా, గడువు తీఱలేదని దుర్యోధనుని పక్షము శంకించెను. అప్పుడు భీష్ముఁడు వెనుదీయలేదు. అయిదేండ్లకు రెండధికమాసముల చొప్పున లెక్కవేసి, 13 ఏండ్లు నిండి యింకను 5 మాసముల 12 రాత్రులు గడచెనని నిర్ణయించెను. దుర్యోధనుఁ డాలకించి, రాజ్య మీయనని చెప్పెను.