తొలి గంట: ఒక శస్త్రవైద్యుని కృషి

కామాఠీపుర మను పేరే ఈ నగరపు కట్టడములలో చెమటోడ్చిన తెలుగు కామాఠీలవలన వచ్చినది. పరంజీపైనుండి జారిపడుట, రోడ్డుమీద బండి తగులుట మన చాళ్ళకు క్రొత్త వార్తలు కావు. అట్టి వేళ ఏమి చేయవలెనో లోకమునకు నేర్పిన శస్త్రవైద్యు నొకనిగూర్చి తల్లిదండ్రులకు తెలుపదలచితిని.

ఆయన పేరు ఆర్. ఆడమ్స్ కౌలీ. 1917లో అమెరికాలోని యూటా రాష్ట్రమున జన్మించెను. సైన్యములో శస్త్రవైద్యుడుగా ఐరోపాలో పనిచేసి, పిదప బాల్టిమోరు నగరమందలి మేరీలాండు విశ్వవిద్యాలయమున గుండె శస్త్రచికిత్సలు చేయుచుండెను. తీవ్రముగా గాయపడినవారిలో పలువురు గాయమువలన కాక, షాకు అను స్థితివలన చనిపోవుచున్నారని ఆయన గ్రహించెను. రక్తము కారిపోయినపుడు అవయవములకు ప్రాణవాయువు చాలదు. ఆ స్థితి కొంతసేపు సాగినచో, తరువాత ఎంత రక్తమెక్కించినను మూత్రపిండములు మొదలగునవి ఒక్కొక్కటిగా చెడిపోవును. నాలుగు దినములు బ్రదికినవాడు అయిదవనాడు పోవచ్చును. కావున తొలి గంటయే ప్రధానమని చెప్పి, దానికి 'బంగారు గంట' యని పేరుపెట్టెను. సరిగా అరువది నిమిషములే యనుటకు గట్టి ఆధారము లేదని తరువాతి వైద్యులనిరి. ఆలస్యము చేటన్న మాటను మాత్ర మెవరును కాదనలేదు.

1960 ప్రాంతమున ఆయన రెండు మంచములతో ఒక విభాగమును నెలకొల్పెను. ఇతర వైద్యులు ఆశ వదలుకొన్న రోగులనే అచటికి పంపుచుండిరి. దానిని మృత్యుశాల యని ఎగతాళి చేసిరి. అయినను పంపినవారిలో కొందరు లేచి నడచి యిండ్లకు పోయిరి. 1970లో రాష్ట్ర పోలీసుల హెలికాప్టర్లు క్షతగాత్రులను కొనివచ్చుట ప్రారంభించెను. దగ్గరి ఆసుపత్రిని దాటి, తగిన ఆసుపత్రికే చేర్చవలెనన్న ఆయన పట్టుదల తోటివైద్యులకు రుచింపలేదు. 1973లో రాష్ట్ర గవర్నరు ఆయన పక్షము వహించెను. ఆ యేడే అమెరికా పార్లమెంటు అత్యవసర వైద్యమునకై చట్టము చేయగా, కౌలీ శిష్యుడగు డేవిడ్ బాయిడ్ దేశమంతటి ఏర్పాటునకు అధిపతియయ్యెను. కౌలీ 1991లో మరణించెను.

మన దేశమున ఈ భావమునకు పెద్దయెత్తున రూపము వచ్చినది తెలుగునాటనే. 2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రముగా 108 అంబులెన్సు సేవ ఆరంభమైనది. మహారాష్ట్రలో 2014లో వచ్చినది. మన గల్లీలలో హెలికాప్టరు దిగుటకు చోటు లేదు. అంబులెన్సు దూరుటయే గొప్ప!

మనవారిని వెనుకకు లాగునది దారి యిరుకు కాదు, పోలీసుల భయము. కారు తగిలి పడిపోయిన స్కూటరు మనిషి నొకనిని దగ్గరి ఆసుపత్రివారు చేర్చుకొనక, ఇట్టి కేసులకు అనుమతిగల ఆసుపత్రికి, 20 కిలోమీటర్ల దూరమునకు, పొమ్మనిరి; అతడు దారిలోనే మరణించెను. ఆ విషయమై పరమానంద కటారా వేసిన వ్యాజ్యమున, ముందు ప్రాణము నిలుపుటయే ప్రతి వైద్యుని విధియని సుప్రీంకోర్టు 1989లో తీర్పుచెప్పినది. రోడ్డు ప్రమాదమున గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చిన బాటసారిని తన పేరు చెప్పుమని నిర్బంధింపరాదని 2016లో ఆ కోర్టే ఆమోదించిన నియమములు తెలుపుచున్నవి. 2019లో మోటారు వాహనముల చట్టమునందును అట్టివారికి రక్షణ చేర్చబడినది. ఈ సంగతి నేటికిని మనలో పెక్కుమందికి తెలియదు.

నాయరు ఆసుపత్రియు, జె.జె. ఆసుపత్రియు మనకు సమీపముననే కలవు. 108కి ఫోను చేయునపుడు గల్లీ సంఖ్యయు, దగ్గరి గుర్తును చెప్పి, ఒకరిని గల్లీ మొదట నిలుపవలెను. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టవలెను. ఎత్తునుండి పడినవానిని, వేరు ఆపద లేనిచో, చేతులపై నెత్తి మెట్లు దింపరాదు, వెన్ను విరిగియుండవచ్చును. దాహమన్నను నీరు త్రాగింపరాదు. మత్తు ఇచ్చునపుడు కడుపులోనిది ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము కలదు.