ఉపకారమా, వేతనమా?

1913లో బరోడా సంస్థానం నెలకు 11.5 పౌండ్ల చొప్పున మూడేళ్లకు మంజూరు చేసిన ఉపకార వేతనంతో అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. ఆ తర్వాత లండన్ వెళ్లారు. అయితే సంస్థానం ఇచ్చిన గడువు తీరిపోవడంతో 1917లో అక్కడి చదువును మధ్యలోనే ఆపి స్వదేశానికి తిరిగి రావలసి వచ్చింది. తాను కూడబెట్టిన డబ్బుకు కొల్హాపూర్ మహారాజు సాయం, ఒక పార్సీ మిత్రుడు ఇచ్చిన అప్పు తోడైతేనే 1920లో మళ్లీ లండన్ చేరగలిగారు. బ్రిటిష్ ఇండియా ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాలపై పరిశోధించిన మేధావి చదువే డబ్బు లేక మూడేళ్లు ఆగిపోయింది.

శతాబ్దం తర్వాత కూడా ఈ కథ మా విభాగాల్లో నడుస్తూనే ఉంది. ఫెలోషిప్ పొందే పరిశోధకుడి కోసం పర్యవేక్షకుడిగా నేను నెలనెలా సంతకం చేయాలి. ఆపై విభాగాధిపతి సంతకం కావాలి. కార్యాలయంలో ఒకరు వివరాలను పోర్టల్‌లో నమోదు చేస్తే, మరొకరు ధ్రువీకరించాలి. ఈ గొలుసులో ఎక్కడ జాప్యం జరిగినా ఆ నెల డబ్బు రాదు.

కొన్నేళ్ల కిందట నా వద్ద ఇద్దరు విద్యార్థులకు ఒకేసారి ఐదు నెలల ఫెలోషిప్ ఆగింది. ఒకరి తండ్రి అధ్యాపకుడు. ఆ విద్యార్థి పని ఒక్కరోజు కూడా ఆగలేదు. రెండో విద్యార్థి వ్యవసాయ కూలీల బిడ్డ, దళితుడు. అతడు మెస్ బకాయి కట్టలేక, క్షేత్ర పర్యటన వాయిదా వేసుకుని, కోతల కాలంలో ఊరికి వెళ్లిపోయాడు. ఆ ఐదు నెలల్లో ఒక నెల జాప్యం నా సంతకం వల్ల జరిగినదే. సెలవులో ఉండి కాగితాన్ని పక్కన పెట్టాను. నాకది మతిమరుపు. అతడికి అది ఒక అధ్యాయం. జాప్యం అందరికీ సమానమే అయినా, దాని భారాన్ని పంచేది మాత్రం కులమే.

షెడ్యూల్డ్ కులాలు, తెగల పరిశోధకుల కోసం 2005-06లో రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్ మొదలైంది. తొలుత నెట్‌తో నిమిత్తం లేకుండా ఇచ్చిన ఎస్సీ ఫెలోషిప్‌కు తర్వాత ఆ పరీక్షే గడప అయింది. నెట్ లేనివారికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెలకు రూ.8,000 ఇస్తారు. దాన్ని కూడా కొత్తవారికి ఆపాలని 2015 అక్టోబరులో యూజీసీ నిర్ణయిస్తే, విద్యార్థులు ‘ఆక్యుపై యూజీసీ’ ఉద్యమంతో వీధిలోకి వచ్చారు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధకుడు రోహిత్ వేముల తన చివరి లేఖలో, తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ రూ.1.75 లక్షలను కుటుంబానికి అందేలా చూడమని కోరారు.

జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి రూ.37,000 అయింది. మంచిదే. కానీ ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర, శ్రీ వెంకటేశ్వర వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఆ రూ.8,000 పథకం వర్తించదు. గ్రామాల నుంచి వచ్చిన తొలితరం విద్యార్థులకు అందుబాటులో ఉన్నవి ఈ విశ్వవిద్యాలయాలే.

‘ఉపకార వేతనం’ అనే మాటలోనే ఒక తగవు ఉంది. ఉపకారం దాత దయ మీద ఆధారపడుతుంది. వేతనం చేసిన పనికి దక్కే హక్కు. పరిశోధన పనే కనుక దానికి వేతనం కావాలి. అధ్యాపకుల జీతం లాగే ఫెలోషిప్‌కు కూడా తేదీ ఉండాలి. కాగితం ఆలస్యమైతే చెల్లింపు ఆపకుండా, ఆలస్యం చేసినవారిని అడగాలి. ఆ అడగడం నాతోనే మొదలైనా నాకు అభ్యంతరం లేదు. నెట్ లేని పరిశోధకులకు రెండు తెలుగు రాష్ట్రాలు తమ బడ్జెట్లలో ఫెలోషిప్ కేటాయించాలి. రిజర్వేషన్ సీటు ఇస్తుంది, కానీ ఆ సీటులో ఐదేళ్లు కూర్చోవడానికి తిండి, అద్దె, పుస్తకాలు కావాలి.