దరఖాస్తులో కంప్యూటర్‌ పదాలు.. అక్షరం తప్పితే చిక్కే

శ్రీకాకుళం: ఉద్యోగ దరఖాస్తులను ఆన్‌లైన్‌లో సమర్పించే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అభ్యర్థులు కంప్యూటర్‌ పదాల ఆంగ్ల వర్ణక్రమంపై శ్రద్ధ వహించాలి. బయోడేటాలో కంప్యూటర్‌ ప్రోగ్రామ్‌ అని రాసేటప్పుడు ఆ పదం ‘ఎం’తోనే ముగియాలి. సభాకార్యక్రమానికి బ్రిటిష్‌ పద్ధతిలో చివర అదనంగా చేర్చే ‘ఎంఈ’ దీనికి వర్తించదు. హార్డ్‌ డిస్క్‌కు చివర ‘కె’, కాంపాక్ట్‌ డిస్క్‌కు ‘సి’ వస్తాయి. లాగిన్‌ నామవాచకమైతే ఒకే పదం, క్రియ అయితే రెండు పదాలు.

ఇవి తప్పినా చదివేవారు సర్దుకుంటారు. ఈమెయిల్‌ చిరునామాలో ఆ వెసులుబాటు లేదు. మధ్యలో ఖాళీ వదలరాదు. అడుగున పడే అండర్‌స్కోర్‌, మధ్యన పడే హైఫన్‌ ఒకటి కావు. జీమెయిల్‌ పేరులోని చుక్కలను లెక్కించదు. పెద్ద, చిన్న అక్షరాల తేడానూ పట్టించుకోదు. అయితే ఒక్క అక్షరం మారినా ఇంటర్వ్యూ పిలుపు వేరొకరికి చేరవచ్చు, లేదా ఎవరికీ చేరకపోవచ్చు.