బెత్తం పోయింది, ఫోను వచ్చింది

పిల్లల అల్లరి మాన్పడానికి మన వీధిబడి పంతుళ్లకు తోచిన ఉపాయాలు ఇన్నీ అన్నీ కావు. గోడకుర్చీ, గుంజిళ్లు, తొడపాశం, కోదండం - వీటి రుచి తెలిసిన పెద్దలు ఇప్పటికీ నవ్వుతూనే చెప్పుకుంటారు. ఆనాడు మాత్రం నవ్వు వచ్చి ఉండదు లెండి! 2009 నాటి విద్యాహక్కు చట్టం వీటన్నిటికీ స్వస్తి చెప్పింది. పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా తప్పేనని అందులో స్పష్టంగా ఉంది. మంచిదే. కాని నలభైమంది పిల్లలున్న తరగతిని బెత్తం లేకుండా నడపడం ఎలా? ఇరవై ఏళ్లుగా అయిదో తరగతికి లెక్కలు చెబుతున్న నాకు ఈ ప్రశ్న రోజూ ఎదురవుతూనే ఉంటుంది.

దీనికి జవాబుగా ఇప్పుడు బోలెడు యాప్‌లు వచ్చాయి. వాటిలో ఒక రకం పాయింట్ల పట్టిక. తరగతిలో పెద్ద తెర మీద ప్రతి పిల్లవాడి పేరూ, పక్కనే ఒక బొమ్మా ఉంటాయి. పక్కవాడికి సాయం చేస్తే టీచరు తన ఫోను మీద నొక్కుతుంది, ఒక పాయింటు చేరుతుంది. గోల చేస్తే ఒకటి తగ్గుతుంది. ఆ కబురు వెంటనే తల్లిదండ్రులకు చేరుతుంది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది.

నాకు తెలిసిన ఒక బడిలో ఇది ఏడాది నడిచింది. మొదటి నెల పిల్లలు బుద్ధిగా కూర్చున్నారు. తరవాత మంచి పిల్లలని పేరు పడ్డ అయిదారుగురే ఎప్పుడూ పైన ఉన్నారు. అడుగున ఉన్నవాడు రోజూ అందరి ఎదుటా అడుగునే ఉన్నాడు. ఎలాగూ పోయిన పరువే కదా అని వాడు అల్లరి రెట్టింపు చేశాడు. ఒకనాడు వాడి వీపు మీద వాతలు కనిపించాయి. వాడు ఇల్లు చేరేలోగానే తండ్రి ఫోనుకు కబురు చేరిందట! అంటే, బడి విడిచిన బెత్తం ఇంట్లో కాపురం పెట్టిందన్నమాట. పదిమంది ఎదుట పేరు పక్కన తీసివేత గుర్తు వేయడం కోదండానికి చుట్టం కాదా? ఏమంటారు?

అలాగని కొత్త సాధనాలన్నిటినీ తోసిపుచ్చను. 1953 లో అమెరికాలో బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన కూతురి లెక్కల తరగతి చూడబోయాడు. త్వరగా ముగించినవాళ్లు ఖాళీగా ఉన్నారు; రానివాళ్లు అవస్థ పడుతున్నారు. చేసింది ఒప్పో తప్పో అప్పటికప్పుడు ఎవరికీ తెలియదు. ఆ లోటు తీర్చాలనే ఆయన బోధనాయంత్రం తయారుచేసి 1954 లో ప్రదర్శించాడు. తరగతిలో అల్లరికి సగం మూలం ఇక్కడే ఉందని నా అనుభవం. పాఠం అందని పిల్లవాడే పక్కవాణ్ణి గిల్లుతాడు.

అందుకే నేను కాగితపు కార్డుల పద్ధతి పట్టుకున్నాను. పిల్లలకు ఫోన్లు అక్కరలేదు. ప్రతివారికీ నల్లని గళ్ల ముద్ర ఉన్న కార్డు ఒకటి ఇస్తాను. ఏ రెండు ముద్రలూ ఒకలా ఉండవు. నాలుగు అంచులకు నాలుగు జవాబులు. తనకు తోచిన జవాబు పైకి వచ్చేలా కార్డు ఎత్తి పట్టుకోవాలి. నా ఫోను కెమెరాను తరగతి అంతటా ఒకసారి తిప్పితే, ఎవరు ఏం చెప్పారో నాకు తెలిసిపోతుంది. తెర మీద పేర్లు చూపించను.

ఒకనాడు మూడోవంతు పెద్దదా, నాలుగోవంతు పెద్దదా అని అడిగాను. సగం మందికి పైగా నాలుగోవంతే అన్నారు! చేతులెత్తమంటే ఎప్పుడూ ఎత్తే నలుగురే ఎత్తేవారు, ఈ సంగతి బయటపడేదే కాదు. పాఠం ఆపి, "ఒక్క దోసె ముగ్గురు పంచుకుంటే ఎక్కువ వస్తుందా, నలుగురు పంచుకుంటేనా?" అన్నాను. ఎన్నడూ నోరు విప్పని ఒక పిల్ల, "ముగ్గురే నయం టీచర్!" అంది. తరగతి ఘొల్లుమంది. రెండోసారి కార్డులెత్తేసరికి తప్పులు వేళ్ల మీద లెక్కపెట్టేపాటివే. ఆ గంటలో ఎవరినీ కసరవలసిన పని పడలేదు.

ఇంట్లో పిల్లలకు పాఠం మళ్లీ వినిపించాలనుకుంటే, కేంద్రప్రభుత్వం 2017 లో ప్రారంభించిన 'దీక్ష' ఉంది. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే ఫోనుతో చూపండి, దానికి సంబంధించిన పాఠం వస్తుంది. పక్కన మీరూ కూర్చోండి సుమండీ!

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ బడిలో ఇటువంటి యాప్ ఉంటే, పిల్లల వివరాలు ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు దాస్తారు అని తప్పక అడగండి. పిల్లవాడు ఇంటికి రాగానే "ఇవాళ ఎన్ని పాయింట్లు?" అనకండి. "టీచరు ఏం అడిగారు, నువ్వేం చెప్పావు?" అనండి. తప్పు చెప్పానంటే కోప్పడకండి. అది బయటపడింది కనుకనే మేము దిద్దగలిగాం.