బీమా ప్రీమియంపై పన్ను: లెక్క చెప్పేదెవరు?



మీ ఇంట్లో స్కూటరు బీమా రసీదు ఉంటే ఒకసారి తీసి చూడండి. ఒక వరుసలో ప్రీమియం, దాని కింద పన్ను కనిపిస్తాయి. ఆ పన్ను భరించింది మీ కుటుంబమే. కాని దానికోసం మీ ఇంట్లో ఎవరూ రిటర్ను దాఖలు చేయలేదు. మరి ఆ సొమ్ము ప్రభుత్వానికి ఎలా చేరింది?

పరోక్ష పన్ను అంటే ఏమిటి?

పన్ను భారం మోసేవారు ఒకరు, దాన్ని ప్రభుత్వానికి కట్టి లెక్క చెప్పేవారు మరొకరు అయితే, అది పరోక్ష పన్ను. మన దేశంలో సేవా పన్ను 1994 జూలై 1న మూడు సేవలతో మొదలైంది. అవి టెలిఫోను, షేర్ల బ్రోకరు, సాధారణ బీమా సేవలు. అప్పటి రేటు 5 శాతం. 2017 జూలై 1న దాని స్థానంలో వస్తు సేవల పన్ను, అంటే జీఎస్‌టీ వచ్చింది. సాధారణ బీమాలో ఎక్కువ పాలసీలకు రేటు 18 శాతం.

ఒక ఉదాహరణ

కోల్‌కతాకు తూర్పున ఉన్న సాల్ట్ లేక్‌లో ఐదవ సెక్టారు కంప్యూటరు కంపెనీలకు పేరుపొందింది. అక్కడి ఒక చిన్న కంపెనీ తన ఆఫీసుకు అగ్నిప్రమాద బీమా తీసుకుందనుకుందాం. ప్రీమియం 1,00,000 రూపాయలు. పన్ను 18,000. మొత్తం 1,18,000 రూపాయలు బీమా సంస్థకు చేరాయి.

పాలసీ ఇచ్చిన శాఖ పశ్చిమ బెంగాల్‌లోనే ఉంటే, కేంద్ర జీఎస్‌టీ 9,000, రాష్ట్ర జీఎస్‌టీ 9,000. పాలసీని ముంబయి శాఖ ఇస్తే, మొత్తం 18,000 సమీకృత జీఎస్‌టీ అవుతుంది. అప్పుడు కూడా రాష్ట్ర వాటా మహారాష్ట్రకు కాదు, పశ్చిమ బెంగాల్‌కే వెళుతుంది. సేవ పొందినవారు ఎక్కడుంటే పన్ను అక్కడికి చేరాలన్నది సూత్రం.

రిటర్ను దాఖలు ఎలా?

బీమా సంస్థ మరుసటి నెల 11వ తేదీలోగా జీఎస్‌టీఆర్-1లో అమ్మకాల వివరాలు నమోదు చేయాలి. 20వ తేదీలోగా జీఎస్‌టీఆర్-3బిలో మొత్తం లెక్క చూపి పన్ను కట్టాలి. ఆలస్యమైతే రుసుముతోపాటు, కట్టని పన్నుపై ఏడాదికి 18 శాతం వడ్డీ పడుతుంది.

రసాయన చర్యకు ముందూ తర్వాతా ద్రవ్యరాశి సమానంగా ఉండాలని మీరు చదువుకున్నారు కదా! రిటర్ను కూడా అలాంటి తూకమే. ప్రజల నుండి వసూలైన పన్ను, ప్రభుత్వానికి చూపిన పన్ను సరిపోవాలి.

తూకం తప్పితే?

మన సాల్ట్ లేక్ కంపెనీ ఆ నెల తన సేవలపై 50,000 రూపాయల పన్ను కట్టాలనుకోండి. బీమాపై ఇచ్చిన 18,000 మినహాయించుకుని 32,000 కడితే చాలు. దీన్నే ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటారు. అయితే బీమా సంస్థ తన జీఎస్‌టీఆర్-1లో ఆ పాలసీని నమోదు చేయకపోతే, 14వ తేదీన కంపెనీకి అందే జీఎస్‌టీఆర్-2బి పట్టికలో ఆ 18,000 కనిపించదు. కనిపించని క్రెడిట్‌ను వాడుకోకూడదు. కాబట్టి కంపెనీ మొత్తం 50,000 కట్టాల్సి వస్తుంది. తప్పు ఒకరిది, భారం మరొకరిది!

పన్ను లేని చోట

2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత జీవిత బీమా, ఆరోగ్య బీమా ప్రీమియంలపై జీఎస్‌టీ తొలగించారు. ఇంట్లో వృద్ధులున్న కుటుంబాలకు ఇది పెద్ద ఊరట. అయితే పన్ను లేదు కదా అని లెక్క మానరాదు. మినహాయింపు పొందిన ప్రీమియంలనూ బీమా సంస్థ రిటర్నులో చూపాల్సిందే.

అమెరికాలో విదేశీ బీమా సంస్థలకు చెల్లించే ప్రీమియంలపై ఎక్సైజ్ పన్ను ఉంది. సాధారణ బీమాకు 4 శాతం, జీవిత బీమాకు 1 శాతం. సంస్థ దేశం బయట ఉంటుంది కనుక, అక్కడ సాధారణంగా ప్రీమియం పంపేవారే మూడు నెలలకోసారి ఫారం 720 దాఖలు చేస్తారు.

చేసి చూడండి: మీ ఇంటి బీమా రసీదులో సంస్థ జీఎస్‌టీ సంఖ్య వెతకండి. దానిలో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి. 19 పశ్చిమ బెంగాల్, 36 తెలంగాణ, 37 ఆంధ్రప్రదేశ్. మీ పన్ను ఏ రాష్ట్రంలోని శాఖ లెక్కలో చేరిందో మీరే చెప్పగలరు.