సగటు చెప్పని సంగతి

మా బెల్లంకొండ పరిసరములలో మిరప కళ్లములు నిండు వేళ ఎవరిని కదిపినను ఒకటే ప్రశ్న: ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు? ఊరి మొత్తమునకు సమాధానముగా ఒక్క సగటు సంఖ్య లభించును. దానితో తృప్తి చెందరాదని మా అభిప్రాయము. ఉదాహరణకు, ఒక ఊరిలో ఐదుగురు రైతులకు ఎకరాకు 18, 19, 20, 21, 22 క్వింటాళ్లు. పొరుగూరిలో 8, 14, 20, 26, 32 వచ్చినవనుకొందము. రెండు ఊళ్ల సగటు 20 మాత్రమే. ఎనిమిది క్వింటాళ్లతో అప్పుల పాలైన రైతు ఆ సగటులో ఎక్కడను కనిపించడు.

ఇది కేవలము లెక్కల విశేషము కాదు. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో, వడగండ్ల వంటి స్థానిక విపత్తులను మినహాయించినచో, పరిహారము ప్రధానముగా ప్రాంతపు సగటు దిగుబడిని బట్టియే నిర్ణయింపబడును. ఒక్కొక్క చేనును కొలుచుట కష్టమే. కాని ఆ సౌలభ్యమునకు మూల్యము చెల్లించువాడు ఎనిమిది క్వింటాళ్ల రైతే.

ఈ వ్యాప్తిని కంటికి చూపుటకై అమెరికా గణాంక శాస్త్రజ్ఞుడు జాన్ ట్యూకీ బాక్స్ ప్లాట్ అను పటమును రూపొందించి, తన 1977 నాటి గ్రంథము ద్వారా ప్రచారములోనికి తెచ్చెను. విలువలను ఆరోహణ క్రమములో పేర్చి, నడిమి సగభాగమును ఒక పెట్టెలో ఇమిడ్చి, మధ్యగతము వద్ద గీత గీయుదురు. పై ఉదాహరణలో మొదటి ఊరి పెట్టె 19 నుండి 21 వరకు, రెండవది 14 నుండి 26 వరకు ఉండును. పెట్టె ఎత్తునకు ఒకటిన్నర రెట్ల దూరము లోపలనున్న చివరి విలువ వరకు ఇరువైపుల మీసముల వంటి గీతలు సాగును. ఆ హద్దు దాటిన విలువలు విడి చుక్కలుగా నిలుచును.

నేడు ఈ పని పైథాన్ భాషలో సీబార్న్ అను లైబ్రరీ క్షణములో చేయును. మైకేల్ వాస్కమ్ దీనిని మాట్‌ప్లాట్‌లిబ్ పునాదిపై నిర్మించెను. పట్టికలో గ్రామము ఒక నిలువు వరుస, దిగుబడి మరియొక వరుసగా ఉన్న చాలును. అడ్డ అక్షమునకు గ్రామమును, నిలువు అక్షమునకు దిగుబడిని సూచించి బాక్స్‌ప్లాట్ అను ఆజ్ఞ ఇచ్చినచో, ఊరికొక పెట్టె పక్కపక్కనే వచ్చును.

పెట్టెకును ఒక లోపమున్నది. దిగుబడులు రెండు గుంపులుగా, నీరున్న చేలు ఒకవైపు, నీరు లేనివి మరియొకవైపు చీలియున్నచో, పెట్టె దానిని దాచును. అచట వయొలిన్‌ప్లాట్ మేలు. విలువలు దట్టముగా ఉన్నచోట అది ఫిడేలు వలె ఉబ్బును. అయితే అది నునుపు చేసిన ఆకారము గనుక, లేని దిగుబడిని, ఒక్కొక్కప్పుడు సున్నకంటె తక్కువ దిగుబడిని సైతము చూపగలదు! కట్ అను విలువను సున్నగా ఉంచినచో ఫిడేలు అసలు విలువల హద్దులలోనే ఆగును. ఇక ఐదుగురే రైతులున్నచోట పెట్టెయు వలదు, ఫిడేలును వలదు. స్ట్రిప్‌ప్లాట్‌తో ఐదు చుక్కలు పెట్టిన చాలును.