బస్సుకు జ్వరమొస్తే?

ఆడి వచ్చినప్పుడు మీ ఒళ్లు వెచ్చబడుతుంది. దానికెవరూ కంగారుపడరు. ఊరికే కూర్చున్నా ఒళ్లు కాలిపోతుంటే మాత్రం అమ్మ నుదుటిమీద చెయ్యి వేసి చూస్తుంది. విద్యుత్ బస్సుకు కూడా ఇలాంటి పరీక్షే ఉంది, తెలుసా?

తిరుమల ఘాట్ రోడ్డుపై 2022 నుంచి విద్యుత్ బస్సులు నడుస్తున్నాయి. ఇలాంటి బస్సుల్లో బ్యాటరీ ఇచ్చే ఏకముఖ విద్యుత్తును మోటారు కోసం ఏకాంతర విద్యుత్తుగా మార్చేది ఇన్వర్టరు. అందులోని అర్ధవాహకపు స్విచ్‌లు సెకనుకు వేలసార్లు కరెంటును కలుపుతూ, తెంచుతూ ఉంటాయి. కొండ ఎక్కేటప్పుడు ఇవి బాగా వేడెక్కుతాయి. బస్సు ఆగితే చల్లబడతాయి.

చిక్కంతా ఇక్కడే! వేడికి అల్యూమినియం, సిలికాన్ కంటే సుమారు 9 రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. స్విచ్‌లో రకరకాల పదార్థాల పొరలున్నాయి. అవి వేర్వేరుగా సాగి ముడుచుకోవడంవల్ల, కొన్నేళ్లకు వాటిని అతికించిన టంకం చిట్లుతుంది. వేడి బయటికి పోయే దారి ఇరుకవుతుంది.

స్విచ్‌ల పక్కనే థర్మిస్టరు అనే చిన్న పరికరం ఉంటుంది. వేడి పెరిగితే దీని విద్యున్నిరోధం తగ్గుతుంది. సిల్వర్ సల్ఫైడులో ఈ గుణాన్ని మైకేల్ ఫారడే 1833లోనే గమనించాడు.

అయితే వేడి ఒక్కటే చూస్తే చాలదు. ఎంత కరెంటు పారుతోంది, చల్లబరిచే ద్రవం ఎంత వెచ్చగా ఉంది అన్నవీ చూడాలి. ఇవి రెండూ మునుపటిలాగే ఉండి, స్విచ్‌ల వేడి మాత్రం నెలనెలా పెరుగుతుంటే? అదే జ్వరం! అప్పుడే పసిగడితే డిపోలోనే బాగుచేయవచ్చు. లేకుంటే బస్సు నడికొండలో ప్రయాణికులతో సహా ఆగిపోవచ్చు.